ఎర్రనీరు రాకముందే: మత్స్యశాఖ కమిషనర్ గారికి ధవళేశ్వరం నుంచి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనర్ గారికి,



ఏటా జూలై, ఆగస్టు నెలల్లో మా ఊరి పేరు రాష్ట్రమంతా వినబడుతుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి చేరితే రెండోది, 17.75కి చేరితే మూడోది. ఆ అంకె విని లంకల్లో వాళ్ళు పశువుల్ని గట్టుకు తోలుకుంటారు, అధికారులు పడవలు సిద్ధం చేస్తారు. కాటన్ దొర 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన నాటి నుంచీ ఇక్కడ నీటిని కొలవడం, కొలిచిన సంగతి నలుగురికీ చెప్పడం అలవాటైపోయింది. నేను మాత్రం మీకు చాలా చిన్న నీటి గురించి రాస్తున్నాను. టీవీ పక్కన, కొట్లో గల్లాపెట్టె పక్కన, పిల్లల చదువుబల్ల మీద ఉండే గాజుతొట్లలోని నీటి గురించి, అందులో హఠాత్తుగా చచ్చిపోయే చిన్న చేపల గురించి.

నేను కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఇంట్లో మైక్రోస్కోపు ఉందని తెలిసి, చేపలు పోయినప్పుడు ఊళ్ళోవాళ్ళు నా దగ్గరకు వస్తారు. వచ్చేది ఎక్కువగా పిల్లలే. ప్లాస్టిక్ కవర్లో ఒక గప్పీయో, గోల్డ్ ఫిష్షో. "రాత్రి బానే ఉందండి మాస్టారూ, పొద్దున్న లేచి చూసేసరికి ఇలా ఉందండి" అంటారు. పెద్దవాళ్ళకు ఇది యాభై రూపాయల చేప. ఆ పిల్లకు మాత్రం తన చేతుల్లో పెరిగి, తన కళ్ళెదుట పోయిన మొదటి ప్రాణం. ఎందుకు పోయిందని అడిగినప్పుడు ఏదో ఒక రోగం పేరు చెప్పి పంపించడం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

ఇన్నాళ్ళుగా చూసినదాన్ని బట్టి మీ ముందు పెట్టదలచుకున్న మాట ఒకటే. ఇళ్ళల్లో చిన్న చేపల హఠాన్మరణాలు చాలామటుకు నీటి వల్ల వస్తాయి. రోగంలా కనిపించేది కూడా తరచు నీరు చెడి చేప నీరసించాక అదును చూసి పైకొచ్చినదే. అది నీరో, రోగమో మందు వేసేముందే తేల్చాలి. రొయ్యల చెరువున్న రైతుకు ఆ పరీక్ష చేసే ఆక్వా ల్యాబులు తీర జిల్లాల్లో ఉన్నాయి. చేపల ఉత్పత్తిలో దేశంలోనే మొదటి స్థానంలో ఉన్న రాష్ట్రం మనది. అయినా నలభై లీటర్ల తొట్టి ఉన్న ఇంటివాళ్ళు వెళ్ళి అడగడానికి అక్వేరియం కొట్టు తప్ప ఇంకో గడప లేదు.

కొట్టువాళ్ళను తప్పుపట్టను. వాళ్ళకు తెలిసిన మేరకు మంచే చెబుతారు. కానీ అక్కడ దొరికేది మందే కనుక జవాబు కూడా మందే అవుతుంది. ముందు నీలం సీసా మిథిలీన్ బ్లూ, తగ్గకపోతే పసుప్పచ్చటి పొడి, అదీ పనిచెయ్యకపోతే మనుషుల మందులకొట్టు నుంచి తెచ్చిన టెట్రాసైక్లిన్ గొట్టం విప్పి తొట్టిలో కలపడం. అసలు జబ్బు నీటిలో అమ్మోనియా అయినప్పుడు ఈ మందులు చేసే మేలు లేదు. కీడు ఉంది. మిథిలీన్ బ్లూ ఫిల్టర్‌లో ఉండే మంచి బాక్టీరియాను దెబ్బతీస్తుంది. టెట్రాసైక్లిన్ సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీటిలో కాల్షియంతో కలిసిపోయి సగం పనిచెయ్యదు. రెండో రోజుకు మిగిలిన చేపలు కూడా పోతాయి. "మందు వేసినా బతకలేదు" అంటారు. మందు వేసినందుకే బతకనివి అందులో ఎన్నో ఎవరూ లెక్కపెట్టరు.

కమిషనర్ గారూ, చావు ఏ తీరున వచ్చిందో అడిగితే సగం నిర్ధారణ అక్కడే అయిపోతుంది. దానికి మైక్రోస్కోపు కూడా అక్కర్లేదు. అన్ని చేపలూ కొద్ది గంటల్లోనే పోయాయా, రోజుకొకటి చొప్పున వారం రోజులు పోయాయా? గంటల్లో అన్నీ పోతే విషం గానీ, ఊపిరి అందకపోవడం గానీ. ఒకదాని తర్వాత ఒకటి పోతుంటే అంటురోగం గానీ, మెల్లగా పేరుకున్న మలినం గానీ. తెల్లవారుజామున పైకొచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేస్తే ఆక్సిజన్ తగ్గిందని డెల్టాలో చెరువున్న ప్రతి రైతుకూ తెలుసు, తొట్టికీ అదే లెక్క. నీళ్ళు మార్చిన గంటలోపే పిచ్చిగా అటూ ఇటూ దూసుకుపోతే ముందు క్లోరిన్‌ను అనుమానించాలి. ఇంకో మంచి గుర్తు ఉంది. ఫైటర్, గౌరామి చేపలు మన గొరకల్లాగే పైగాలిని పీల్చి బతకగలవు. మిగతావన్నీ పోయి ఇవి నిక్షేపంగా తిరుగుతుంటే కొరత ఆక్సిజన్‌ది. ఇవీ పోతే నీటిలో విషం ఉందన్నమాట. ఊపిరాడని నీటిలో పెద్ద చేపలు ముందు పోతాయి, విషం ఉన్న నీటిలో సాధారణంగా చిన్నవి ముందు పోతాయి. ఈ నాలుగైదు ప్రశ్నలు అడిగేవాళ్ళు ఒక్కరుంటే బజారులో కొనే మందులు చాలామటుకు కొట్లోనే ఉండిపోతాయి.

ఇక క్లోరిన్ సంగతి. ఇది వానాకాలంలో మా దగ్గర ఎక్కువ. గోదావరికి వరద ఎర్రనీరు వచ్చిందంటే జనమంతా పులస చేప కోసం ఎదురుచూస్తారు. అదే రోజుల్లో బురదనీటిని తేర్చడానికి పటిక ఎక్కువ కలపాలి, జబ్బులు రాకుండా క్లోరిన్ పెంచాలి. అది తప్పనిసరి, మనుషుల ఆరోగ్యం కంటే చేపలు ఎక్కువని నేను అనను. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి, వైరస్‌ల భయం ఉన్నప్పుడు కనీసం 0.5 ఉండాలి. చేపల మొప్పలకు మాత్రం 0.02 నుంచి 0.05 మిల్లీగ్రాములే హాని. మనం నిశ్చింతగా తాగే నీటిలో చేపకు చెడు చేసే మోతాదుకు కనీసం నాలుగు నుంచి పది రెట్ల క్లోరిన్ ఉంటుందన్నమాట. నిన్నటిదాకా అదే కుళాయి నీళ్ళు పోస్తే బతికినవి ఇవాళ ఎందుకు పోయాయో ఇంటివాళ్ళకు అంతుపట్టదు. మోతాదు పెరిగిందని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. విరుగుడు పెద్ద కష్టం కాదు. కుళాయి నీళ్ళను వెడల్పాటి బకెట్‌లో ఒక రోజంతా మూత లేకుండా ఉంచి, ఎయిర్ పంపు గొట్టం వేస్తే క్లోరిన్ ఎగిరిపోతుంది. తొందరైతే కొట్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలో, హైపో పలుకులో చాలు. ఈ రెండు మాటలు తెలిసిన ఇంట్లో వరద రోజుల్లోనూ చేపలు బతుకుతాయి.

దోమల మందుల గురించి కూడా చెప్పాలి. ఇది ఎవరూ పట్టించుకోని కారణం, నాకు బాగా అనుమానం ఉన్న కారణం. దోమల కాయిల్లోనూ, ప్లగ్గులో పెట్టే మందులోనూ ఉండేవి పైరెత్రాయిడ్ జాతి రసాయనాలు. మనకు పెద్దగా ఏమీ చెయ్యవు గానీ చేపలకు ఘోరమైన విషాలు. తొట్టికి మూత ఉంది కదా అనుకుంటాం. కానీ ఎయిర్ పంపు చేసే పనే గదిలోని గాలిని పీల్చి నీటి అడుగుకు తోయడం. పంపు పక్కనే ప్లగ్గుంటే, రాత్రంతా తలుపులు బిగించిన గదిలో ఆ మందును మనమే కొద్దికొద్దిగా నీటిలోకి ఎక్కిస్తున్నట్టు. పంపును వేరే గదిలో గానీ, కిటికీ దగ్గర శుభ్రమైన గాలి వచ్చేచోట గానీ పెట్టి గొట్టం పొడుగు చేసుకుంటే చాలు. వానలు పడ్డాక వీధుల్లో దోమల పొగ కొట్టేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. పొగబండి వస్తోందంటే కిటికీలు మూసి, తొట్టి మీద తడిగుడ్డ కప్పి, పొగ చెదిరేదాకా పంపు ఆపాలి. ఆ బండి ఏ వీధికి ఏ సాయంత్రం వస్తుందో ముందురోజు మైకులో చెబితే చేపల తొట్టికే కాదు, పసిపిల్లలున్న ఇంటికీ ఉబ్బసం ఉన్న ముసలివాళ్ళకీ మేలే.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ చేపల్ని చంపేదాని దగ్గరకొస్తాను. అది అమ్మోనియా. చేప మొప్పల నుంచీ, మలం నుంచీ, తినగా మిగిలిన మేత కుళ్ళడం నుంచీ అమ్మోనియా పుడుతూనే ఉంటుంది. నైట్రోసోమోనాస్ లాంటి బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, నైట్రోస్పైరా దాన్ని పెద్దగా హానిలేని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి స్పాంజిని, గులకరాళ్ళను పట్టుకుని బతుకుతాయి. కొత్త తొట్టిలో వీటి కాపురం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మనవాళ్ళు ఆదివారం తొట్టి కొని, ఆ సాయంత్రమే డజను చేపలు వేసి, పిల్లలు ముచ్చటపడి రోజుకు నాలుగుసార్లు మేత చల్లుతారు. వారం తిరిగేసరికి చేపలు పోవడం మొదలౌతుంది. నీళ్ళు అద్దంలా తేటగానే ఉంటాయి. అమ్మోనియాకు రంగు లేదు, ఈ మోతాదులో వాసనా తెలియదు. అందుకే రోగమనుకుంటారు.

మన వాతావరణంలో దీని తీవ్రత మరీ ఎక్కువ. నీటిలో కలిసిన అమ్మోనియాలో అంతా విషం కాదు, విషంగా మారే పాలు నీటి క్షారతను బట్టీ వేడిని బట్టీ ఉంటుంది. పీహెచ్ 7, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్న నీటిలో ఆ పాలు నూటికి ఒకటి కూడా ఉండదు. అదే పీహెచ్ 8కి, వేడి 30 డిగ్రీలకు చేరితే నూటికి ఏడు దాటుతుంది. పది రెట్లకు మించి తేడా. విదేశీ పుస్తకాల్లో రాసిన "ఇంతవరకూ ఫరవాలేదు" అనే అంకెలు చల్లటి తటస్థ నీటికి చెప్పినవైతే, కాస్త క్షారంగా ఉండే మన నీటిలో, రోహిణీ కార్తెలో పనికిరావు.

శుభ్రత మీద మనకున్న ప్రేమ కూడా ఇక్కడ చేటు చేస్తుంది. పండగ ముందు తొట్టి మొత్తం ఖాళీ చేసి, గులకరాళ్ళు రుద్ది కడిగి, స్పాంజిని కుళాయి కింద పిండి, ఎండలో ఆరబెడతారు. మంచి బాక్టీరియా అంతా ఆ ఎండలోనే పోతుంది. తళతళలాడే తొట్టిలో చేపలు మూడో రోజుకు పైకి తేలతాయి. ఏళ్ళ తరబడి నీళ్ళు మార్చని పాత తొట్టిలో ఇంకో ప్రమాదం. దాని నీరు ఆమ్లంగా మారి ఉంటుంది కనుక పేరుకున్న అమ్మోనియా విషంగా మారక నిద్రపోతుంటుంది. ఒక్కసారిగా సగానికి పైగా క్షారపు నీళ్ళు పోస్తే అది లేస్తుంది. ఈ రెండింటికీ జాగ్రత్త ఒకటే: వారానికోసారి నాలుగో వంతు నీళ్ళు మార్చడం, స్పాంజిని ఆ తీసిన తొట్టినీటిలోనే మెల్లగా పిండటం, గడ్డి మొక్కలు నాలుగు వేసుకోవడం, మేత రెండు నిమిషాల్లో అయిపోయేంతే వేయడం. చేపలు తేడాగా కనిపించగానే చెయ్యాల్సింది ఇది: మేత ఆపి, గాలి పెంచి, క్లోరిన్ పోయిన నీటితో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా మార్చడం. నైట్రైట్ పేరుకుని మొప్పలు గోధుమరంగుకు తిరిగితే లీటరుకు ఒక గ్రాము చొప్పున కల్లుప్పు కరిగించి పోస్తే, ఆ క్లోరైడు నైట్రైట్‌ను రక్తంలోకి పోనివ్వకుండా అడ్డుకుంటుంది.

ఆక్సిజన్ గురించి ఎక్కువ చెప్పను. 25 డిగ్రీల నీరు లీటరుకు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచగలదు, 30 డిగ్రీల నీరు 7.5 మాత్రమే. వేసవిలో చేపకు ఎక్కువ కావాలి, నీటిలో తక్కువ ఉంటుంది. దాని మీద కరెంటు పోతే పంపు ఆగుతుంది. తుపాను రాత్రుల్లో గంటల తరబడి కరెంటు లేనప్పుడు మగ్గుతో నీళ్ళు ఎత్తిపోసినా సరే, బ్యాటరీ పంపు ఉంటే మరీ మంచిది. కరెంటు వచ్చాక మూతబిగించిన ఫిల్టర్‌ను అలాగే ఆన్ చెయ్యకూడదు. గాలిలేక అందులో కుళ్ళిన నీరు ఒక్కసారిగా తొట్టిలోకి వస్తుంది. ముందు తొట్టినీళ్ళతో ఒకసారి కడిగి పెట్టాలి.

అంటే రోగాలే లేవని కాదు. ఉన్నాయి, కొన్ని చాలా వేగంగా కబళిస్తాయి. సంక్రాంతికి ముందు రాత్రిళ్ళు చలి పెరిగి చిన్న తొట్లలో నీరు గభాలున చల్లబడినప్పుడు తెల్లమచ్చ వస్తుంది. ఒంటి మీద ఉప్పురవ్వంత తెల్ల చుక్కలు, చేప రాయికేసి ఒళ్ళు గీక్కోవడం దీని గుర్తులు. దీనికి కారణం ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ జీవి. ఆ చుక్క చర్మం కింద ఉన్నంతకాలం ఏ మందూ దాన్ని తాకలేదు. అది పండి రాలి, అడుగున అతుక్కుని వందలుగా చీలి, ఆ పిల్లలు ఈదుకుంటూ మళ్ళీ చేపను వెతుక్కుంటాయి. మందుకు దొరికేది ఆ ఈదే దశలోనే. చేప దొరక్కపోతే రెండు రోజుల్లో చస్తాయి కూడా. మనవాళ్ళు చుక్కలు రాలగానే తగ్గిందనుకుని మందు ఆపేస్తారు. నిజానికి అసలు యుద్ధం అప్పుడే మొదలౌతుంది. 25 డిగ్రీల దగ్గర దాని చక్రం పూర్తవడానికి దాదాపు వారం పడుతుంది కనుక, చుక్కలు పోయాక ఇంకో వారం వైద్యం సాగాలి. నీటిని నెమ్మదిగా, ఒక రోజంతా తీసుకుని 30 డిగ్రీలకు వేడి చేసి, గాలి పెంచి, కల్లుప్పు వేస్తే చాలా తొట్లలో ఇంకే మందూ అవసరపడదు.

ఇక్కడే నిర్ధారణ ఎంత ముఖ్యమో చూడండి. వేడి పెంచితే తెల్లమచ్చ తగ్గుతుంది, కాలమ్నారిస్ మాత్రం రెచ్చిపోతుంది. ఇది ఫ్లావోబాక్టీరియం అనే బాక్టీరియా తెచ్చే జబ్బు. నోటి చుట్టూ, లేదా వెన్ను మీద జీను వేసినట్టు తెల్లగా బూడిదరంగులో పొర కడుతుంది. చూడటానికి బూజులా ఉంటుంది, అందరూ బూజనే అంటారు, బూజు మందే కొంటారు. వేసవి వేడిలో ఒక్క రోజులోనే తొట్టిని ఖాళీ చెయ్యగలదు. ఆ పొరను కాస్త గీకి, నీటిచుక్కలో వేసి మైక్రోస్కోపులో చూస్తే సన్నటి పొడుగాటి బాక్టీరియా గడ్డిమేటుల్లా పోగుపడి వంకర్లు తిరుగుతూ కనిపిస్తాయి. బూజైతే దారాల్లాంటి పోగులుంటాయి. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు ఎవరు ఇస్తారన్నదే మా సమస్య.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. పక్కనుంచి టార్చి వేస్తే ఒంటి మీద బంగారు పొడి చల్లినట్టు మెరిస్తే అది వెల్వెట్. పొట్ట ఉబ్బి పొలుసులు పైకి లేస్తే లోపలి అవయవాలు దెబ్బతిన్నాయని అర్థం, అప్పటికి చాలామటుకు ఆలస్యమైపోయి ఉంటుంది. నెలల తరబడి ఒక్కొక్క చేపా చిక్కిపోయి, వెన్ను వంగి పోతుంటే చేపల క్షయను అనుమానించాలి. దీన్ని తెచ్చే మైకోబాక్టీరియం మెరైనమ్ మన చేతి గాయాల్లోకి కూడా చేరి మానని పుండ్లు చేస్తుంది. చేతికి కోత ఉన్నప్పుడు తొట్టిలో చెయ్యి పెట్టవద్దని, పిల్లల చేత పైపు నోటితో పీల్పించి నీళ్ళు తీయించవద్దని ప్రతి కొట్టు గోడ మీదా రాసి ఉండాలి.

ఈ చేపలు మా దాకా ఎలా వస్తాయో మీకు తెలియంది కాదు. కోల్‌కతా చుట్టుపక్కల నుంచీ, చెన్నై కొళత్తూరు నుంచీ ఆక్సిజన్ నింపిన సంచుల్లో గంటల తరబడి ప్రయాణం చేసి వస్తాయి. ఆ సంచిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి నీరు ఆమ్లంగా మారుతుంది, అందుకే పేరుకున్న అమ్మోనియా అంతగా బాధించదు. సంచి విప్పగానే ఆ వాయువు పోయి, అదే అమ్మోనియా విషంగా మారుతుంది. కనుక సంచిని విప్పకుండా పావుగంట, ఇరవై నిమిషాలు తొట్టినీటి మీద తేలనిచ్చి, విప్పాక ఆలస్యం చెయ్యకుండా వలతో చేపల్ని మాత్రమే తీసి వెయ్యాలి. సంచి నీళ్ళు తొట్టిలో పొయ్యకూడదు. ఆ చేపలు వెళ్ళాల్సింది కూడా పాత చేపలున్న తొట్టిలోకి కాదు. రెండు నుంచి నాలుగు వారాలు విడిగా, వేరే వలతో, ఒక ప్లాస్టిక్ టబ్బులో ఉంచినా చాలు. గోల్డ్ ఫిష్‌లను గుంపులుగా చంపే ఒక హెర్పిస్ వైరస్ పశ్చిమ బెంగాల్ చేపల్లో ఉందని 2016లోనే మన శాస్త్రవేత్తలు వెల్లడించారు. దానికి మందు లేదు, దూరంగా ఉంచడమొక్కటే దారి. మా పక్కనున్న కడియం నర్సరీల నుంచి తామర మొక్కలు తెచ్చుకుని తొట్లలో గప్పీలు వేసుకునేవాళ్ళు కూడా మొక్కను కొన్నాళ్ళు విడిగా నీళ్ళు మారుస్తూ ఉంచాలి, దాని మీద పురుగుమందు చల్లి ఉండవచ్చు.

ఇదంతా ఇళ్ళల్లో వినోదం కదా, ప్రభుత్వ శాఖకు ఏం సంబంధం అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. ఏ పరీక్షా లేకుండా తొట్టిలో కలిపిన యాంటీబయోటిక్ నీళ్ళు మురుగు కాలువలో పడి, అక్కడి నుంచి పంట కాలువలోకి పోతాయి. యాంటీబయోటిక్ జాడ దొరికితే రొయ్యల సరుకు విదేశీ రేవుల్లోంచి వెనక్కి వస్తుందని మన రైతులు నష్టపోయి నేర్చుకున్నారు. ఒక చేతితో రైతుకు వద్దని చెబుతూ, ఇంకో చేతితో వీధి చివర కొట్లో అదే మందు అమ్ముడుపోతుంటే చూస్తూ ఊరుకోలేం. రెండోది, విసుగెత్తినవాళ్ళు తొట్టిని తీసుకెళ్ళి కాలువలో కుమ్మరిస్తారు. అద్దానికి పట్టిన పాచి తింటుందని కొన్న సక్కర్ చేప ఇవాళ మన నదుల్లో, చెరువుల్లో దెయ్యం చేపగా పేరు తెచ్చుకుని జాలర్ల వలల్ని చింపుతోంది. జబ్బు చేపను కాలువలో వదలడం కూడా అంతే ప్రమాదం. చేపలకు పుండ్ల జబ్బు 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో కనబడి, 1990 దశకం తొలినాళ్ళకు కొల్లేరు దాకా పాకి కొరమేనుల్ని ఏం చేసిందో మీ శాఖలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నీటిలో జబ్బు జిల్లా సరిహద్దు చూసుకోదు.

అందుకని కమిషనర్ గారూ, నేను అడుగుతున్నవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. రాజమహేంద్రవరంలోని జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో వారానికి ఒక్క పూట చిన్న చేపల కోసం ఒక బల్ల వేయించండి. ఒక మైక్రోస్కోపు, పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, క్లోరిన్ చూసే చుక్కల కిట్లు, ఒక థర్మామీటరు. కూర్చోవడానికి మనుషులూ దొరుకుతారు. నరసాపురం కేంద్రంగా మత్స్య విశ్వవిద్యాలయం పెట్టుకున్నాం, కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, అక్కడే కేంద్ర మత్స్య విద్యాసంస్థ శాఖ, దానికి బలభద్రపురంలో మంచినీటి చేపల క్షేత్రం ఉన్నాయి. చదువుకునే పిల్లలకు నలభై లీటర్ల తొట్టి కంటే మంచి రోగి దొరకదు. తప్పు నిర్ధారణ చేసినా రైతు అప్పుల పాలవడు, నేర్చుకున్నది మాత్రం రేపు చెరువు గట్టు మీద పనికొస్తుంది.

ఆ బల్ల దగ్గరకు ఎలా రావాలో కూడా జనానికి చెప్పాలి. చచ్చి కుళ్ళిన చేప ఏ సంగతీ చెప్పదు, మన ఎండకు రెండు మూడు గంటల్లోనే పాడైపోతుంది. చావుబతుకుల్లో ఉన్న చేపను తొట్టినీళ్ళ సంచిలోనే తేవాలి. చచ్చిందే ఉంటే వెంటనే కవర్లో చుట్టి ఐసు మీద పెట్టి తేవాలి, గడ్డకట్టించకూడదు. నీటిని విడిగా శుభ్రమైన సీసాలో అంచుదాకా నింపి తేవాలి. నీళ్ళు ఎప్పుడు మార్చారు, కొత్త చేప ఎప్పుడు వచ్చింది, గదిలో ఏం కొట్టారు, ఏ మందు వేశారు అన్నది ఒక చీటీ మీద రాసుకు రావాలి.

అక్వేరియం కొట్లలో చేపతో పాటు ఇవ్వడానికి ఒక పేజీ తెలుగు కాగితం అచ్చు వేయించండి. కొత్త తొట్టికి నెలపైన ఓపిక, క్లోరిన్ తీసే పద్ధతి, కొత్త చేపను విడిగా ఉంచడం, కాలువలో వదలకూడదన్న మాట, అంతే. పురపాలక సంఘాలకూ, పంచాయతీలకూ ఒక ఉత్తరం రాసి, క్లోరిన్ మోతాదు పెంచే రోజులూ దోమల పొగ కొట్టే రోజులూ ముందుగా చాటించమని కోరండి. కేంద్రం 2013లో మొదలుపెట్టిన జలచరాల వ్యాధుల నిఘా కార్యక్రమం ఉంది, దాని కింద 2023లో "రిపోర్ట్ ఫిష్ డిసీజ్" అనే యాప్ కూడా వచ్చింది. రంగు చేపలు పెంచేవాళ్ళు కూడా అందులో జబ్బు సంగతి నమోదు చెయ్యవచ్చని మీ సిబ్బంది చేత తెలుగులో చెప్పించండి, దగ్గరుండి చేయించండి.

చివరిగా మహిళల మాట. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగు చేపల యూనిట్ వ్యయాన్ని 3 లక్షల రూపాయలుగా లెక్కగట్టి, మహిళలకూ ఎస్సీ ఎస్టీలకూ 60 శాతం, మిగతావాళ్ళకు 40 శాతం రాయితీ పెట్టారు. మంచి పథకం. సిమెంటు తొట్లు, షెడ్డు, పంపులకు డబ్బు వస్తుంది. కానీ ఆ తల్లులకు ముందు కావాల్సింది ఒక్క రాత్రిలో వెయ్యి చేపపిల్లలు ఎందుకు తేలిపోయాయో చెప్పగలిగే మనిషి, తేలిపోకముందే నీటిని చూసి చెప్పగలిగే చుక్కల కిట్టు. యూనిట్ మంజూరు కాగితంతో పాటే ఆ కిట్టూ, రెండు రోజుల నీటి పరీక్షల శిక్షణా తప్పనిసరి చెయ్యండి. వీటన్నిటిలో ఒక్కటే చెయ్యగలనంటే దీన్నే ముందు చెయ్యమంటాను, ఎందుకంటే ఇక్కడ పోయేది పిల్లల ముచ్చటతో పాటు ఒక ఇంటివాళ్ళు అప్పు తెచ్చి పెట్టిన డబ్బు కూడా.

జూన్‌లో కాలువలకు నీళ్ళు వదులుతారు, జూలైకి ఎర్రనీరు వస్తుంది. ఈలోగా ఆ బల్ల పడితే వచ్చే వానాకాలం దగ్గర నుంచే పని మొదలుపెట్టవచ్చు. మీ దగ్గర మనుషులు కుదిరేదాకా శనివారాలు నేను వచ్చి కూర్చుంటాను. మైక్రోస్కోపు నాదే తెచ్చుకుంటాను. జీతం, దారి ఖర్చు ఏదీ అక్కర్లేదు. ఒక బల్ల, ఒక కుళాయి, చేతులు కడుక్కోవడానికి సబ్బు ఇప్పిస్తే చాలు.

ఇట్లు,
ధవళేశ్వరం నుంచి
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు